మనామాలో మాది కాని ఇల్లు

మొన్న మాఘమాసంలో లచ్చన్న నిజామాబాదు నుంచి పనిగట్టుకుని అమలాపురం వచ్చాడు, మనవరాలి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి. ఇంత దూరం ఎందుకయ్యా, ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంటే, "ఫోన్ల పిలిస్తే పిలిచినట్టుంటదా వదినె?" అన్నాడు. అతనూ మా ఆయనా బహ్రెయిన్‌లో ఒకే కాలంలో పనిచేశారు. కొత్తగా కట్టే బిల్డింగుల్లో అతను గోడలకి ప్లాస్టరింగు చేసేవాడు, ఈయన ఏసీ గొట్టాలు బిగించేవారు. ఒకరి పని అయితేగాని ఇంకొకరి పని మొదలవ్వదు కాబట్టి ముందు తగువులు పడ్డారు, తర్వాత విడదీయలేనంత స్నేహితులయ్యారు. లచ్చన్న కాఫీ తాగి, మేడ ఎక్కి దిగి, ప్రతి గదిలోకీ తొంగిచూసి, వచ్చి కుర్చీలో సర్దుకుని నవ్వుతూ, "వదినె, దుబాయిల ఆ బ్రోకరు యూసుఫ్ భాయి యాదికున్నడా?" అన్నాడు. మేమున్నది దుబాయి కాదు, బహ్రెయిన్ అని మా ఆయన అతన్ని దిద్దీ దిద్దీ ఎప్పుడో వదిలేశారు. యూసుఫ్ భాయి నాకెందుకు గుర్తుండడు? ఆ మనిషి పలువరస కూడా గుర్తుంది. లచ్చన్న వెళ్లాక రెండు మూడు రోజులు నాకు వంటింట్లో ఏ పని చేస్తున్నా మేమున్న ఊరు మనామా సందులే కళ్లలో మెదిలాయి.

పెళ్లయిన నెలకే మా ఆయన విమానం ఎక్కేశారు. మెకానిక్కుగా, పదేసిమంది ఒకే గదిలో పడుకునే కంపెనీ క్యాంపులో ఉన్నన్నాళ్లూ భార్యని తెచ్చుకునే వీలు లేదు. సూపర్‌వైజరు అయ్యాక ఫ్యామిలీ వీసా వచ్చింది, అప్పుడు నేను వెళ్లాను. మనామాలో పాత బజారుకి దగ్గర్లో, కొట్టాయం నుంచి వచ్చిన అన్నమ్మ చేచి వాళ్ల ఫ్లాట్లో మాకొక గది. చేచి అంటే వాళ్ల భాషలో అక్క. ఆ గదిని పెద్ద హాలులోంచి ప్లైవుడ్ చెక్కతో విడదీశారు. అవతల వాళ్లాయన ఆవులిస్తే మాకు వినబడేది, ఇక్కడ మేం నవ్వితే అక్కడ చేచి నవ్వేది. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, మేకుకి వేలాడే తెలుగు క్యాలెండరు. వంటిల్లు ఉమ్మడి. పొద్దున్నే ముందు చేచి బియ్యప్పిండితో వాళ్ల పుట్టు వండుకోవాలి, ఆమె పొయ్యి దించాక నేను ఎక్కించాలి. ఆమె కొబ్బరినూనె వాసన నా ఇడ్లీలకి పట్టేది, నా ఇంగువ వాసనకి ఆమె తుమ్మేది. సందు చివర రొట్టెల బట్టీ ఉండేది. తెల్లవారేసరికి గోధుమ రొట్టె కాలిన వాసన కిటికీలోంచి వచ్చేది, ఆ వాసనకే నాకు మెలకువ. కుళాయి నీళ్లు ఉప్పన, తాగే నీళ్లు కొనుక్కోవాలి, తలస్నానం చేస్తే జుట్టు కొబ్బరిపీచే. అయినా సరే, నాకు అక్కడ బాగుండేది. ఆయన సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చే అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడేది, నేను లేచి తలుపు తీసేదాన్ని. అంతకన్నా నాకు ఏం కావాలి?

ఆ తలుపుకే ఎసరొచ్చింది. పాత బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారట, సెప్టెంబరు ఆఖరుకల్లా అందరూ ఖాళీ చెయ్యాలని నాతూరు వచ్చి చెప్పి పోయాడు. నాతూరు అంటే అక్కడ వాచ్‌మన్. చేచి వాళ్లు వాళ్ల తమ్ముడి ఇంట్లో సర్దుకుంటామన్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన కంచంలోకి చూస్తూ, "ఇల్లు దొరికితే సరేసరి. లేకపోతే నువ్వు అమ్మ దగ్గరికి, నేను క్యాంపుకీను. ఏం చేత్తాం?" అన్నారు. ఆయన ఏ కష్టమైనా మజ్జిగ పలచనైందన్నంత మామూలుగా చెప్తారు. నాలుగేళ్లు ఉత్తరాల మీద కాపురం చేసి, ఇప్పుడిప్పుడే మనిషితో చేస్తున్నాను. మళ్లీ ఉత్తరాలకి పోవడం నావల్ల కాదు.

అలా మొదలైంది ఇళ్ల వేట. గోడల మీద, కరెంటు స్తంభాల మీద, కిరాణా కొట్ల అద్దాల మీద "ఫ్యామిలీలకు మాత్రమే" అని రాసి, కింద ఫోన్ నంబరు వేసేవారు. మా ఆయన డ్యూటీ బట్టల్లో ఒక్కరే వెళ్తే, చేతులకి గ్రీజు చూసి బ్యాచిలర్ అనేవారు. బ్యాచిలర్ అంటే పెళ్లికానివాడని కాదు అక్కడ అర్థం, పెళ్లాన్ని ఊళ్లో వదిలి వచ్చినవాడని. ఒకడికి ఇల్లిస్తే పదిమంది పడుకుంటారని వాళ్ల భయం. అందుకని సాక్ష్యంగా నేనూ వెళ్లాల్సి వచ్చేది. నేను వెళ్లలేని రోజు పర్సులో మా పెళ్లి ఫోటో పెట్టుకెళ్లేవారు. అందులో ఈయన నుదుటికి బాసికం, కళ్లకి కాటుక, బుగ్గన చుక్క. ఒక ఇంటాయన ఆ ఫోటోనీ ఈయన్నీ మార్చి మార్చి చూసి, ఫోటోలో ఉన్నది మీ తమ్ముడా అని అడిగాడట. ఇంటికొచ్చి చెప్తే నేనూ చేచీ పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆయన మాత్రం వెళ్లి అద్దంలో మొహం చూసుకున్నారు.

ఇక బ్రోకర్లు. ముగ్గురు నలుగురిని చూశాం గాని అందరికన్నా పక్కాగా పట్టుకున్నది యూసుఫ్ భాయి. దర్జీ కొట్టు వెనక రెండు కుర్చీలు, ఒక ఫోను, అదే అతని ఆఫీసు. తెల్లటి చొక్కా, చంకలో తోలు సంచి, జేబులో ఎప్పుడూ యాలకులు. మాటకు ముందు ఒక యాలక్కాయ మన చేతిలో పెడతాడు. మనం నములుతూ ఉంటాం కాబట్టి ప్రశ్నలు అడగం. ఆ ఎత్తు నాకు చాలా ఇళ్లు చూశాకగాని అర్థం కాలేదు. అతని నోట ప్రతి ఇల్లూ బిల్కుల్ ఫస్ట్ క్లాసే. సముద్రం కనిపిస్తుందని ఒక ఫ్లాటు చూపించాడు. ఏ కిటికీలో చూసినా ఎదుటి బిల్డింగు ఏసీ డబ్బాలే. సముద్రం ఏది భాయ్ అంటే మా ఆయన్ని బాత్రూములోకి తీసుకెళ్లి, బకెట్టు బోర్లించి దాని మీద ఎక్కించి, వెంటిలేటరులోంచి చూడమన్నాడు. చాలాసేపు మెడ చాచి చూసి, "ఉందే, నీలంగా ఏదో ఉంది. టార్పాలిన్ కూడా అవ్వచ్చు," అన్నారు ఈయన. కనిపించింది కదా అన్నట్టు, "దిఖా నా?" అని యూసుఫ్ భాయి పొంగిపోయాడు.

ముహర్రక్‌లో ఒకటి చూపించాడు, విమానాశ్రయానికి దగ్గర. మేం గదిలో ఉండగానే నెత్తి మీంచి విమానం వెళ్లింది, గోడకున్న అద్దం వణికింది. యూసుఫ్ భాయి చెప్తున్న మాట పెదవుల మీద కదిలిందే తప్ప వినబడలేదు. ఆ కాసేపూ అతను అబద్ధం చెప్పలేదని నేననుకున్నాను. ఇంకొకసారి జల్లాఖ్ వైపు, సముద్రం ఒడ్డున పెద్దవాళ్ల విల్లాలుండే చోట, ఒక విల్లా వెనక పనివాళ్ల గది. అద్దె తక్కువేనట. దానికి బదులు నేను ముందింట్లో అంట్లు, బట్టలు చూడాలట. మావైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎంతోమంది అక్కడ ఇళ్లల్లో పనిచేసేవారు, ఆ పనిలో నాకు నామోషీ ఏమీ లేదు. నేను సరే అనబోయాను. మా ఆయన, "దాన్ని ఇక్కడికి తెచ్చుకుంది నాతో ఉండడానికి," అని తెలుగులోనే అనేసి బయటికి నడిచారు. యూసుఫ్ భాయికి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది, మా ఇద్దరికీ చెరో యాలక్కాయ ఇచ్చాడు.

నేను ఇప్పటికీ మర్చిపోలేనిది ఒక ఇల్లుంది. తలుపు కొట్టకుండా తాళంచెవితో తీసేసి మమ్మల్ని లోపలికి పదండన్నాడు. లోపల కింద ప్లాస్టిక్ గుడ్డ పరుచుకుని మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలూ భోంచేస్తున్నారు. ఏ దేశమో తెలీదు, మన చాయే. ఆమె గబగబా పైట తల మీదికి లాక్కుంది. ఇల్లు ఖాళీ చెయ్యాలని వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. యూసుఫ్ భాయి వాళ్ల కంచాల పక్కనుంచే నడుస్తూ ఇది బెడ్రూము, ఇది కిచెను అని చూపిస్తున్నాడు. ఆ చిన్నపిల్ల నన్నే చూస్తూ చేతిలో ముద్ద అలాగే పట్టుకుంది. నేను వంటింటి దాకా కూడా వెళ్లలేదు, మెట్లు దిగి వచ్చేశాను. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. వాళ్ల కోసమో నా కోసమో విడదీసి చెప్పలేను.

ఆగస్టు మండిపోతోంది. గాలిలో తేమకి చీర ఒంటికి అతుక్కుపోయేది. వారం వారం టెలిఫోన్ బూతు దగ్గర వరసలో నిలబడి మా అత్తగారితో మాట్లాడేవాళ్లం. ఆవిడకి ఇల్లు దొరకలేదన్న దిగులు కన్నా ఎప్పుడు దొరుకుతుందన్న దిగులు ఎక్కువ. "శ్రావణంలోనే దిగిపోవాల్రా అబ్బాయ్. తర్వాత భాద్రపదం, శూన్యమాసం. శూన్యమాసంలో ఎవరైనా ఇల్లు మారతారా?" అని ఫోను పెట్టేదాకా అదే పాట. అక్కడ మేం పడుతున్న పాట్లు ఆవిడకేం తెలుసు అని నేను లోపల విసుక్కునేదాన్ని గాని, ఇంటికొచ్చి క్యాలెండరులో రోజులు చూసుకునేదాన్ని. మా ఆయనా చూసేవారు, నేను చూడనప్పుడు.

శ్రావణం చివరికొచ్చాక, ఒక గురువారం సాయంత్రం, ఆ ఇల్లు దొరికింది. బంగారానికి మెరుగుపెట్టే చిన్న చిన్న కొట్లుండే సందు, రెండో అంతస్తు. ఒక పడగ్గది, ఒక హాలు, వంటింటికి దానిదే ఒక కిటికీ. కింద నిలబడి యూసుఫ్ భాయి వేలు పెట్టి చూపిస్తుంటే, తూర్పు గుమ్మం అని నేను చెప్పకముందే మా ఆయన నా చెయ్యి గిల్లారు. అద్దె మాకు అందేంతలోనే ఉంది. రేపు శుక్రవారం, అందరికీ సెలవు, తనకి నమాజు ఉంది, ఊళ్లోంచి చుట్టాలొస్తున్నారు, కాబట్టి తాళంచెవి మీరే తీసుకెళ్లి నిదానంగా చూసుకుని సాయంత్రం దర్జీకి ఇచ్చేయండి, నచ్చితే శనివారం అడ్వాన్సు తెచ్చి కాగితం మీద సంతకం పెట్టండి, అన్నాడు. చెవి మా ఆయన అరచేతిలో పెట్టాడు. మా ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఆ శుక్రవారం శ్రావణంలో ఆఖరి శుక్రవారం. తాళంచెవి మన చేతిలో ఉంది, లక్ష్మివారం నాడు చేతికొచ్చింది, రేపు మంచిరోజు. ఇంక ఆగడమెందుకు?

పొద్దున్నే లచ్చన్న క్యాంపు నుంచి చిన్న గ్యాసు స్టవ్వు భుజాన వేసుకుని వచ్చాడు. పాత బజారులో మనవాళ్ల గుడి ఉన్న సందులో పూలు కొన్నాం. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. మామిడాకులు లేవు, ఎవరి ఇంటి ముందో ఉన్న వేపకొమ్మ లచ్చన్న విరుచుకొచ్చాడు. మా ఆయన స్నానం చేసి వచ్చి, నా పక్కన కింద కూర్చుని అగ్గిపుల్ల గీశారు. కొత్త గిన్నెలో పాలు పొంగాయి. లచ్చన్న చప్పట్లు కొట్టి, "ఇగ ఇది మీ ఇల్లే వదినె. నేను ప్రతి ఐతారం, కాదు కాదు, ప్రతి శుక్రారం ఇక్కడ్నే తింట," అన్నాడు. ఆ పాలల్లో బియ్యం, బెల్లం వేసి పరమాన్నం చేశాను. స్టీలు గ్లాసుల్లో పోసుకుని తిన్నాం.

లచ్చన్న వెళ్లాక మా ఆయన ఊరుకోలేదు. జేబులోంచి టేపు తీసి మంచం ఎక్కడ పడుతుందో కొలిచారు. కిటికీకున్న ఏసీ వేసి చూస్తే గురగురమంటోంది, చల్లగాలి రావడం లేదు. వెంటనే స్క్రూలు విప్పి, దాని రేకుల్లో పేరుకున్న ఇసుకంతా పాత బ్రష్షుతో దులిపి, బకెట్లో కడిగి మళ్లీ బిగించారు. మధ్యాహ్నానికి గది చల్లబడింది. పాత పేపర్లు పరుచుకుని పడుకున్నాం. ప్లైవుడ్ చెక్క లేదు, అవతల ఎవరి ఆవులింతా లేదు. ఎంత పెద్దగా మాట్లాడుకున్నా అడిగేవాళ్లు లేరు కాబట్టి మేం మామూలు మాటలు కూడా పెద్దగా మాట్లాడుకున్నాం. కిటికీకి తెర ఏ రంగు అని నేను, గోడకి మేకు ఎక్కడ అని ఆయన. నేను అంత సంతోషంగా ఉన్న మధ్యాహ్నాలు నా జీవితంలో ఎక్కువ లేవు. సాయంత్రం తాళం వేసి, చెవి దర్జీకి ఇచ్చి వచ్చాం.

శనివారం డ్యూటీ అయ్యాక అడ్వాన్సు పట్టుకుని వెళ్తే యూసుఫ్ భాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. "వో ఫ్లాట్ తో ఖలాస్ హో గయా," అన్నాడు. శుక్రవారం సాయంత్రమే ఎవరో వచ్చి చూసి, అక్కడికక్కడే డబ్బు కట్టి సంతకం పెట్టేశారట. గది భలే చల్లగా ఉందని ముచ్చటపడ్డారట కూడా. మా ఆయనకి కోపం ఎప్పుడో గాని రాదు, వస్తే మాట తడబడుతుంది. చెవి మాకిచ్చావు కదా అన్నారు. చూడ్డానికి కదా ఇచ్చింది అన్నాడతను. మేం పాలు పొంగించాం అని హిందీలో చెప్పబోయారు, "హమ్‌నే ఉధర్ దూధ్ ఉబాలా భాయ్." యూసుఫ్ భాయి అర్థం కానట్టు చూశాడు. "దూధ్?" అన్నాడు. గిన్నెలోంచి పొంగింది, కింద పడింది, మా ఆచారం, అని ఈయన చేతులతో చూపిస్తున్నారు. అతనికి అప్పుడు అర్థమైనట్టుంది, మొహం తేలికపడింది. ఫరవాలేదు, నేల మీద పాలు ఒలికితే ఏమైంది, మనిషిని పంపి కడిగిస్తాను, మీరేం బాధపడకండి అన్నాడు. నిజంగా మర్యాదగానే అన్నాడు. ఈయన అడ్వాన్సు డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

తప్పెవరిదంటే నేను ఇవాళ్టికీ బ్రోకరుదే అంటాను. మనిషి మాట మీద ఇల్లు ఉంచాలి గాని, ఎవడు ముందు డబ్బు చూపిస్తే వాడికి ఇచ్చెయ్యడమేమిటి? మా ఆయన మాత్రం అతని ధర్మం అతనిది అంటారు. ఆ తర్వాత భాద్రపదం వచ్చింది. మా అత్తగారు ఫోన్లో, "పొంగించిన ఇల్లు పోవడమేంట్రా, ఎక్కడైనా విన్నామా?" అని ఏడ్చినంత పని చేశారు. శూన్యమాసమైనా సరేనని ఇంకా రెండు మూడు ఇళ్లు చూశాం గాని, ఒకదానికి మేం నచ్చలేదు, మిగతావి అప్పటికే పోయాయి. నాకూ మనసు విరిగిపోయింది. ఏ ఇల్లు చూసినా ఆ వంటింటి కిటికీయే అడ్డమొచ్చేది. నెలాఖరుకి ట్రంకుపెట్టె నేను తెచ్చుకున్నాను, పరుపు ఆయన క్యాంపుకి పట్టుకెళ్లారు. ఈసారి కాకపోతే వచ్చే ఏడు అనుకున్నాం. వచ్చే ఏడు ఆయన కంపెనీ మారింది, కొత్త కఫీలు, అంటే వీసా ఇచ్చే యజమాని, ఫ్యామిలీ వీసాకి ఒప్పుకోలేదు. ఆ తర్వాత పిల్లలు, వాళ్ల బళ్లు. అలా వయసులో వెళ్లిన మనిషి ముసలివాడై తిరిగొచ్చారు.

ఇప్పుడు మా అబ్బాయి హైదరాబాదులో అద్దె ఇళ్లు ఫోన్లోనే చూస్తాడు. వీడియోలో గదులన్నీ తిప్పి చూపిస్తారు, వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతారు, రేపు వస్తానంటే ఇవాళే పోయిందంటారు. యాలక్కాయ ఒక్కటే తక్కువ. వాడు చిరాకుపడి ఫోను విసిరేస్తే కోడలు ఓదారుస్తుంది. నేను మాత్రం వాడి మీద జాలి చూపించను. దొరకని ఇంటి గురించి మొగుడూ పెళ్లాం ఒకచోట కూర్చుని పోట్లాడుకుంటున్నారు కదా, అదే పెద్ద వసతి అనిపిస్తుంది. మా ఆయన విషయానికొస్తే, వచ్చి ఇన్నేళ్లయినా కంచం తనే కడుక్కుంటారు, తువ్వాలు తన మంచం కోడుకే ఆరేసుకుంటారు. నాలుగు గదుల ఇంట్లో మంచమంత జాగా వాడుకుంటారు. చెప్పి చెప్పి నేనూ విసిగిపోయాను.

మొన్న లచ్చన్న శుభలేఖ ఇచ్చి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "అన్నా, ఈ ఇంటికి గృహప్రవేశం మంచిగ జేసిండ్రా?" అని అడిగాడు. "ఆయ్, బ్రహ్మాండంగా చేశాం. పాలు తూర్పుకే పొంగాయి," అన్నారు మా ఆయన, కళ్లారా చూసినట్టు. ఆయన పంపిన డబ్బుతో కట్టిన ఈ ఇంటి గృహప్రవేశం రోజున ఆయనకే సెలవు దొరకలేదు. దంపతులు కూర్చోవాలి కాబట్టి పీటల మీద మా మరిదినీ తోటికోడల్నీ కూర్చోబెట్టారు, పొయ్యి వాళ్లే వెలిగించారు. అదయ్యాక బహ్రెయిన్ నుంచి ఫోన్ చేసి, పాలు ఎటు పొంగాయే అని అడిగితే, తూర్పుకే అని నేనే చెప్పాను. ఆ మాటే ఆయన ఇన్నాళ్లుగా అందరికీ చెప్తున్నారు. ఎటు పొంగాయో నాకూ తెలీదు. ఆ సమయానికి నేను పెరట్లో వంటవాళ్లకి నూనె డబ్బా తీసిస్తున్నాను.